మేలు చేసే బాక్టీరియాతో తెగుళ్ల నివారణ – 3వ పాఠం: విత్తనానికి సూడోమోనాస్ పట్టించడం

ఏ బాక్టీరియా ఏ తెగులుకు పనికొస్తుందో గత పాఠంలో చూశాం. ఈసారి చేతికి పని. కిలో విత్తనం, 10 గ్రాముల సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి, కాస్త గంజి, ఒక పట్టా ఉంటే చాలు.

ముందు ప్యాకెట్ తిప్పి గడువు తేదీ చూడండి. బాసిల్లస్ అనే మరో మేలు బాక్టీరియా గట్టి సిద్ధబీజాలు (గట్టి పొర కప్పుకుని నిద్రపోయే రూపాలు) కడుతుంది కాబట్టి పొడిలో చాన్నాళ్లు బతుకుతుంది. సూడోమోనాస్‌కు ఆ కవచం లేదు. ప్యాకెట్ ఎండలో పడి ఉంటే, గడువు ఇంకా ఉన్నా లోపల మిగిలేది ఉత్త టాల్కం పొడే.

నీడలో పట్టా పరిచి విత్తనం పోయండి. పూర్తిగా చల్లారిన పల్చటి గంజి 20 మి.లీ. చిలకరించి, పట్టా అంచులు పట్టుకుని నెమ్మదిగా పొర్లించండి. చిన్న గింజలకు గంజి ఇంకాస్త పడుతుంది. గింజలన్నీ మెరిశాక పొడి చల్లి మళ్లీ పొర్లించండి. ఒక గింజ అరచేతిలో దొర్లించి చూడండి: చేతికి తడి అంటకూడదు, పొడి రాలకూడదు. గింజలు ముద్దకట్టాయంటే గంజి ఎక్కువైంది. వేరుశనగను చేత్తో రుద్దితే పైపొర ఊడిపోయి మొలక దెబ్బతింటుంది, పట్టాతోనే కానివ్వండి. అరగంట నీడన ఆరబెట్టి అదే రోజు, పదును ఉన్న నేలలో విత్తండి.

ఎక్కువమంది తప్పేది వరుస దగ్గర. రసాయన మందు పట్టించాల్సి ఉంటే అది ముందు, ఆరాక బాక్టీరియా చివర. రాగి మందులు, స్ట్రెప్టోమైసిన్ మాత్రం వరుస మార్చినా కుదరవు, రెండూ బాక్టీరియాను చంపేవే.

విత్తనానికే ఎందుకంటే, మొలక వేరు నుంచి ఊరే చక్కెరల కోసం తెగులు తెచ్చే శిలీంద్రం కూడా కాచుకుని ఉంటుంది. సూడోమోనాస్ ముందే అక్కడ తిష్ఠ వేస్తే ఇనుమును తన స్రావాలతో పట్టేసి శిలీంద్రానికి అందనివ్వదు, విషాలూ వదులుతుంది. కుళ్లు మొదలయ్యాక పోస్తే పెద్దగా ఫలితం ఉండదు.

రెండు సాళ్లు సూడోమోనాస్ పట్టించని విత్తనంతో వేసి గుర్తు పెట్టుకోండి. 15వ రోజున రెండు రకాలవీ పదేసి మొక్కలు పీకి, కాండం మొదట్లో గోధుమరంగు మచ్చలు, పీచువేళ్లు పోల్చి రాసుకోండి. నారు వేళ్లు ముంచే వచ్చే పాఠానికి ఆ లెక్క కావాలి.