వేసవికి తీగ మొక్కలను ఆరుబయటకు మార్చే పద్ధతి

న్యూజెర్సీ, మిషిగన్, షికాగో పరిసరాల్లోని తెలుగువారి ఇళ్ళలో కిటికీ పక్కన మనీప్లాంటు వేలాడుతూ కనిపించడం మామూలే. ఓపిక ఉన్నవారు దాని పక్కనే తమలపాకు తీగను కూడా పెంచుతుంటారు. అక్టోబరు నుంచి మే వరకు ఈ మొక్కలు చాలీచాలని వెలుతురులో, హీటరు వేడికి ఆరిపోయిన గాలిలో బతుకుతాయి కనుక, వేసవి నెలలను ఆరుబయట గడిపే అవకాశం దొరికితే వాటికి కొత్త చిగుళ్ళు వచ్చి, ఆకులు పెద్దవై, కణుపుల మధ్య దూరం తగ్గి తీగ గుబురుగా తయారవుతుంది. అయితే చాలామంది చలికి భయపడినంతగా ఎండకు భయపడరు. బయటకు తీసిన మొదటి వారంలో మొక్కలు దెబ్బతినేది ఎక్కువగా ఎండ వల్లనే.

ముందుగా సమయం సంగతి చూద్దాం. మంచు కురిసే రోజులు పోయినంత మాత్రాన ఈ మొక్కలను బయట పెట్టకూడదు. మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్, హోయా వంటివి ఉష్ణమండలపు మొక్కలు కాబట్టి, ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కు చేరకముందే, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (10 సెల్సియస్) దగ్గరే వాటి ఆకులు నల్లబడి వాలిపోవచ్చు. అందుచేత పగటి వేడిని కాక రాత్రి ఉష్ణోగ్రతను చూసుకుని, అది వరుసగా వారం రోజులు 55 డిగ్రీలకు (13 సెల్సియస్) తగ్గకుండా ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. తమలపాకు ఇంకా సున్నితమైనది గనుక దానికి 60 డిగ్రీల (దాదాపు 16 సెల్సియస్) వరకు ఆగడం మేలు. పైన చెప్పిన ప్రాంతాల్లో ఇది సాధారణంగా మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే తరువాతి మాట. మన రాష్ట్రాల్లో సరిగ్గా ఆ రోజుల్లోనే రోహిణి కార్తె ఎండలు మండుతుంటాయి కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు ఈ సలహాను తిరగవేసుకుని, మొక్కలను వేసవిలో నీడకు చేర్చి, తొలకరి పడ్డాక బయటకు తీయాలి.

ఎండ ఎందుకంత హాని చేస్తుందో తెలిస్తే తొందరపాటు తగ్గుతుంది. మన కంటికి వెలుగు తేడా సరిగా తెలియదు గానీ, వెలుతురును కొలిచే లక్సుల లెక్కలో చూస్తే, గది మధ్యలో కొన్ని వందల లక్సులు ఉంటే, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులకు చేరుతుంది. పైగా కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలలో కొంత భాగాన్ని అడ్డుకుంటుంది కనుక, ఇంట్లో పుట్టిన ఆకు వాటికి అలవాటుపడి ఉండదు. అటువంటి ఆకుపై నేరుగా ఎండ పడితే ఒక్క మధ్యాహ్నంలోనే తెల్లని మచ్చలు ఏర్పడి, తరువాత అవి గోధుమరంగులోకి మారి ఎండిపోతాయి. ఆ మచ్చ మళ్ళీ పచ్చబడదు. ఆరుబయట పుట్టే కొత్త ఆకు మాత్రం అక్కడి వెలుతురుకు తగినట్టు మందంగా తయారై వస్తుంది.

అందువల్ల మొదటి మూడు నాలుగు రోజులు కుండీని ఎండ ఏమాత్రం పడని నీడలో, ఇంటి ఉత్తరపు గోడ పక్కనో, కప్పు ఉన్న వరండాలోనో రెండు మూడు గంటలు ఉంచి లోపలికి తెచ్చేయాలి. ఆ తరువాత సమయాన్ని రోజురోజుకు పెంచుతూ, వారం దాటాక రాత్రి కూడా బయటే వదలవచ్చు. పది రోజులు గడిచాక, కావాలనుకుంటే ఉదయం తొమ్మిది లోపు పడే లేత ఎండను అలవాటు చేయవచ్చు. మబ్బు పట్టిన రోజున మొదలుపెట్టగలిగితే మరీ మంచిది. చెట్టు నీడ కూడా గదిలోని కిటికీ కంటే ఎక్కువ వెలుతురునిస్తుంది కనుక, వేసవంతా నీడలోనే ఉంచినా ఈ మొక్కలకు లోటేమీ ఉండదు.

తీగ మొక్కలను తరలించడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తలుపులు దాటించేటప్పుడు పొడవైన తీగలు చిక్కుకుని కణుపుల దగ్గర తెగిపోతాయి. అందుకని ముందురోజే తీగలన్నిటినీ కలిపి మెత్తని గుడ్డపేలికతో వదులుగా చుట్టి, కుండీ పైకి మడిచి పెట్టుకోవాలి. కత్తిరింపుకు కూడా ఇదే సరైన సమయం. చలికాలంలో సాగి, ఆకులు దూరం దూరంగా మిగిలిన తీగలను కణుపుకు కాస్త దిగువన కత్తిరించి నీళ్ళలో వేస్తే రెండు మూడు వారాల్లో వేళ్ళు వస్తాయి.

ఇంట్లో వేలాడే కుండీలకు కప్పు దగ్గర వెలుతురు అందక, తీగలు కిందికి పచ్చగా సాగినా కుండీ పైభాగం మాత్రం బోడిగా తయారవుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వేసవిని మించిన అదను లేదు. రెండు మూడు పొడవాటి తీగలను వెనక్కి తిప్పి మట్టి మీద చుట్టలా పరచి, కణుపులు మట్టికి ఆనేట్టు తలపిన్నులతో అదిమిపెట్టి, పైభాగానికి వెలుతురు తగిలేట్టు కుండీని కంటి ఎత్తుకు దించి వేలాడదీస్తే, ఆ కణుపులు వేళ్ళూని కొత్త చిగుళ్ళు వేస్తాయి. మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్ దీనికి తేలికగా లొంగుతాయి. హోయాకు మాత్రం ఆకుల్లేని పొట్టి పూకాడలను ఎప్పుడూ కత్తిరించకూడదు. అది మళ్ళీ ఆ కాడల మీదనే పూస్తుంది.

వేలాడే కుండీకి అన్ని వైపులా గాలి తగులుతుంది కాబట్టి, నేలమీది కుండీ కంటే త్వరగా ఆరిపోతుంది. ఇంట్లో వారానికి ఒకసారి సరిపోయిన నీళ్ళు జూలైలో రోజు విడిచి రోజు, చిన్న కుండీలకైతే ప్రతిరోజూ అవసరం కావచ్చు. అయినా లెక్క పెట్టుకుని పోయడం కంటే, మట్టిలో వేలు దూర్చి పైన అంగుళం మేర ఆరిందో లేదో చూసి పోయడమే సరైన పద్ధతి. కుండీ కింది పళ్ళాలను, అడుగున రంధ్రం లేని అలంకారపు కుండీలను బయట వాడకూడదు. వాన నీరు నిలిచి వేళ్ళు కుళ్ళడమే కాక, దోమలు గుడ్లు పెడతాయి. స్ట్రింగ్ ఆఫ్ పెరల్స్ వంటి నీటిని దాచుకునే మొక్కలను వాన తగలని చూరు కిందే ఉంచాలి. తడిసిన కుండీ బరువు బాగా పెరుగుతుంది కనుక, కొక్కేన్ని దూలానికి గట్టిగా బిగించి ఉండాలి. ఉరుములతో గాలివాన వస్తుందని తెలిసినప్పుడు కుండీలను దించి గోడవారకు చేర్చాలి. కొత్త చిగుళ్ళు కనిపించాక ద్రవరూపపు ఎరువును డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం కలిపి, రెండు మూడు వారాలకోసారి ఇస్తే చాలు.

తమలపాకును వేలాడదీయడం కంటే పాకించడమే మంచిది. కోస్తా ఆకుతోటల్లో అవిశ చెట్ల నీడలో, వాటినే ఆసరాగా చేసుకుని పెరిగే తీగ అది. కనుక నిలువు కర్ర పాతి, వేడిగాలి తగలని నీడలో ఉంచి, మట్టి ఎప్పుడూ కాస్త తేమగా ఉండేట్టు చూసుకోవాలి.

మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్ ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. పాకే పిల్లలకు, పెంపుడు కుక్కలకు, పిల్లులకు ఆ తీగలు అందకుండా చూడాలి.

సెప్టెంబరులో రాత్రులు మళ్ళీ 55 డిగ్రీలకు దిగుతుండగానే, ఇంట్లో హీటరు వేయకముందే, మొక్కలను లోపలికి తేవాలి. దానికి పది రోజుల ముందు నుంచి వాటిని మరింత నీడకు జరుపుతూ పోతే ఆకులు రాలడం తగ్గుతుంది. ఆకుల అడుగు భాగాన్ని, కణుపుల మూలల్ని వెతికి పిండినల్లి, పేనుబంక, ఎర్రనల్లి వంటి పురుగులు కనిపిస్తే నీటి ధారతో కడిగి, కొన్ని చుక్కల సబ్బు కలిపిన వేపనూనె ద్రావణాన్ని సాయంత్రం పూట చల్లి, వారం తరువాత మళ్ళీ చల్లాలి. లోపలికి తెచ్చాక రెండు మూడు వారాలు వాటిని మిగతా మొక్కలకు దూరంగా వేరే గదిలో ఉంచి, ఎరువు ఆపి, నీళ్ళు క్రమంగా తగ్గించాలి.