పాత ఇంటిని చదవడం – 4వ పాఠం: ముందు కిటికీల్ని వదిలేయండి

పోయిన పాఠం చివర మసాచుసెట్స్‌లోని రెండు ఇళ్ల ఫొటోలిచ్చి, ఏది పాతదో చెప్పమన్నాను: డెడమ్‌లోని ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు, బోస్టన్‌లోని పాల్ రివియర్ ఇల్లు. చాలామంది రివియర్ ఇల్లే అన్నారు. అందరిదీ ఒకటే కారణం: దాని కిటికీలకి సీసం పట్టీల్లో బిగించిన డైమండ్ ఆకారపు గాజు పలకలున్నాయట.

ఆ ఇల్లు సుమారు 1680 నాటిదే కానీ, ఆ కిటికీలు 1907–08 మరమ్మతుల్లో వచ్చినవి. తర్వాతి కాలం వాళ్లు ముందువైపు కప్పు లేపి ఇంకో అంతస్తు కడితే, ఆర్కిటెక్ట్ జోసెఫ్ చాండ్లర్ దాన్ని తీసేసి పాత రూపం తెప్పించాడు. ఫెయిర్‌బ్యాంక్స్ ఇంటిది సరిగ్గా తిరగేసిన కథ. ఉన్నవేమో పైకీ కిందకీ జరిపే కొత్తరకం కిటికీలు, చట్రమేమో 1637–41 నాటిది. ఉత్తర అమెరికాలో నిలిచి ఉన్న కర్రచట్రపు ఇళ్లలో తెలిసినంతలో అదే పాతది.

కిటికీని ఎవరైనా, ఎప్పుడైనా మార్చేస్తారు. ఇంటి నడిమధ్య ఉన్న ఇటుకల పొగగొట్టాన్ని కదపాలంటే ఇల్లే కదలాలి. అందుకే నేను ముందు పొగగొట్టం చూస్తాను, తర్వాత దూలాలు, తర్వాత కప్పు. కిటికీలు, తలుపులు, రంగు ఆఖరున.

దూలాల్లో ఏం చూడాలో మీకు తెలిసిందే: కుసి (దూలం చివర చెక్కిన నాలుక), బెజ్జం (అది దూరే తొర్ర), రెండిటినీ బిగించే చెక్క చీల. ఓక్ దూలానికి బెరడు అంచు మిగిలి ఉంటే పంట పండినట్టే. చెట్టుకి ఏటా ఒక వలయం పెరుగుతుంది కాబట్టి, బెరడు కిందున్న చివరి వలయం చెట్టు నరికిన సంవత్సరం చెబుతుంది. అప్పటి వడ్రంగులు ఓక్‌ని పచ్చిమీదే చెక్కేవారు కాబట్టి, కట్టింది కూడా ఇంచుమించు అప్పుడే.

ఇక వెనకవైపు కిందిదాకా జారే కప్పు, దాని కింద ఉన్న గదులు: దీన్నే వాలు అంటున్నాను. అది ఇంటితోపాటే వేశారా, తర్వాత అతికించారా? బయట కప్పు వాలు మధ్యలో విరిగితే అనుమానించండి. అటకెక్కి చూడండి. వెన్నుగర్ర నుంచి కింది చూరు దాకా ఒకే వాసం వస్తే మొదటినుంచీ ఉన్నదే. లోపలిగోడ మీద ఎండావానకి మాగిన చెక్కబద్దలు కనిపిస్తే ఒకప్పుడు అదే బయటి గోడ, వాలు తర్వాతది. పన్ను ఎగ్గొట్టడానికి అలా కట్టారన్న కథ మాత్రం దయచేసి నాకు రాయకండి. వెనక వంటకీ సామానుకీ చోటు కావాలి, అంతే.

అభ్యాసం: ఫెయిర్‌బ్యాంక్స్ ఇంటి ప్లాన్‌ని మూడు దశల్లో గీయండి. పొగగొట్టానికి అటూ ఇటూ గదులు. తర్వాత వెనక వాలు. ఆ తర్వాత రెండు పక్కలా చేరిన రెక్కలు. రెక్కల కప్పు ఒక్కో వైపు రెండుసార్లు వంగుతుంది, చూసుకోండి. పెన్సిల్‌తోనే గీయండి, మూడో దశలో చెరపక తప్పదు.