మందారం పెంచుదాం – 3వ పాఠం: కత్తెర ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

క్రితం పాఠంలో ఒక పని చెప్పేను గుర్తుందా, మీ మందారం దగ్గరికెళ్ళి దానికి ఎన్ని కొసలున్నాయో లెక్కెట్టమన్నాను. కొస అంటే కొమ్మ చివర లేత ఆకులు విచ్చుకుంటున్న చోటు, అంతే. లెక్కెట్టినోళ్ళకి విషయం ఈపాటికే తెలిసిపోయుంటాది. చెట్టు చూస్తే ఏడడుగులు, గోడ దాటి వీధిలోకి వాలిపోయింది, కొసలు మాత్రం తొమ్మిదో పదో. మరి రోజుకి రెండో మూడో పూలు కాక ఇంకెన్నొస్తాయి?

మందారం ముదురు కొమ్మ మీద పూయదు. మొగ్గ ఎప్పుడూ కొత్తగా పెరుగుతున్న కొమ్మకి, కొసకి దగ్గర్లో ఉన్న ఆకు చంకలో వస్తాది. ఆ పువ్వు ఒక్కరోజు ఉండి ముడుచుకుని రాలిపోతాది, ఈలోగా కొస ఇంకో ఆకు వేస్తాది, ఆ ఆకు చంకలో ఇంకో మొగ్గ, ఇలా కొస పెరుగుతున్నంతకాలం పూలు వస్తూనే ఉంటాయి. అందుకని ఎన్ని కొసలుంటే అన్ని పూలు. ఎరువు ఎంత వేసినా ఉన్న కొమ్మే పొడుగవుతాది గానీ కొసలు అంతగా పెరగవు. కొసలు పెరగాలంటే కత్తెర పట్టాలి.

ఎందుకంటే కొసలో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందకి దిగుతూ ఉంటాది, అది దిగుతున్నంతసేపూ కింద కణుపుల్లో ఉన్న చిన్న చిన్న మొలకలు లేవవు, నిద్రలోనే ఉంటాయి. కొస తీసీగానే ఆ అడ్డు పోతాది, పైనున్న రెండు మూడు కణుపుల్లోంచి మొలకలు లేస్తాయి. ఒక కొస పోయి రెండు మూడు కొసలొచ్చాయి, అంటే పది కొసల చెట్టు పాతిక కొసల చెట్టయింది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే ఈ పాఠంలో సగం వచ్చీసినట్టే.

ఇదంతా తెలిసినా చెయ్యి రాదు, నాకు తెలుసు. మాది ఒడిశాలో పర్లాకిమిడి, మా పెరట్లో నూతి పక్కన ముద్ద మందారం ఒకటుంది, మా అమ్మ నాటింది, దాని మీద కత్తెర పెడదామంటే నాకు చాలా ఏళ్ళు మనసొప్పలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది కదా, మన గజపతి జిల్లా వాళ్ళకి ఆ తెల్లారి గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, కొబ్బరి చెట్లే పడిపోయాయి ఇక మందారం ఎంత. నడిమికి విరిగిపోయి, సగం కొమ్మలు చీలిపోయి వేలాడుతున్నాయి. పీకీసి వేరేది నాటుకోండి అని అందరూ చెప్పేరు. నాకు పీకబుద్ధి కాక చీలినవన్నీ రంపంతో కోసీసి మోకాలెత్తు మోడు వదిలేసాను. చలికాలమంతా ఉలుకూ పలుకూ లేదు, పోయిందనే అనుకున్నాను. శివరాత్రి వెళ్ళాక మోడు చుట్టూతా ఆకుపచ్చ చుక్కల్లాగ మొలకలు. ఆ ఎండాకాలం వెళ్ళేసరికి పూసిన పూలు అంతకు ముందు పదేళ్ళలో ఏ ఏడాదీ పూయలేదు. వేరు బాగుంటే ముదురు మోడులోంచి కూడా మందారం లేస్తాదని నాకు నేర్పింది ఆ చెట్టే, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను, మీరు కత్తెర్తో తీసే నాలుగు కొమ్మలకి అది చచ్చిపోదు.

ఇప్పుడు ఎప్పుడు కోయాలో చెప్తాను, ఎందుకంటే మందారం వెచ్చదనం కోరే మొక్క, చలిలో కోస్తే మొలకెత్తదు, కోసిన చోటు ఎండుకుంటూ కిందకి దిగుతాది. మా పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం వైపు వాళ్ళకి పెద్ద కత్తిరింపు రథసప్తమికీ శివరాత్రికీ మధ్య. అరసవిల్లి దర్శనం చేసుకొచ్చాక కత్తెర తీయండి, అదొక గుర్తు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతాదని మన పెద్దోళ్ళు ఊరికే అనలేదు, మొక్కలకి ఆ మాట సరిగ్గా సరిపోతాది. కోరాపుట్, సెమిలిగూడ లాంటి కొండ మీద ఊళ్ళవాళ్ళు మాత్రం శివరాత్రి వెళ్ళాకే మొదలెట్టండి, మీ దగ్గర రాత్రి చలి తొందరగా పోదు. అలాగని ఏప్రిల్ దాకా లాగొద్దు. అప్పటిదాకా ఆకుల నీడలో ఉన్న లోపలి కొమ్మలు ఒక్కసారిగా ఎండకి బయటపడితే బెరడు మాడిపోతాది.

రెండో కత్తిరింపు చిన్నది, అది దసరా పూల కోసం. ఎర్ర రేక మందారానికి, మామూలు ముద్ద మందారానికి కోసిన దగ్గర్నించి మళ్ళీ పూత రావడానికి రెండు నుంచి మూడు నెలలు పడతాది, పెద్ద పెద్ద పూల హైబ్రిడ్ రకాలకి మూడు నుంచి నాలుగు. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియ, దుర్గాష్టమి ఆశ్వయుజ శుద్ధ అష్టమి, మధ్యలో మూడు నెలల మీద ఆరు రోజులు. కాబట్టి రథం లాగిన వారంలో కొసలు మాత్రం నాలుగేసి అంగుళాలు కోసీయండి, అమ్మవారి పూజకి ఎర్ర మందారాలు మీ పెరట్లోనే దొరుకుతాయి. బాహుడా, అంటే తిరుగు రథం, దాటాక మాత్రం దసరా అయ్యేదాకా కత్తెర లోపల పెట్టీయండి, శ్రావణంలోనో భాద్రపదంలోనో చెట్టు గుబురుగా ఉందని కోసేసి నవరాత్రుల్లో పువ్వు కొనుక్కున్నోళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఇక ఎలా కోయాలి. వంటింటి కత్తెర వద్దు, అది కొమ్మని నలిపీస్తాది, నలిగిన చోట కుళ్ళు పడతాది. కొమ్మలు కోసే స్ప్రింగు కత్తెర హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాది, దాన్ని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిచి, ఒక చెట్టయ్యాక ఇంకో చెట్టు ముట్టుకునే ముందు మళ్ళీ తుడవండి. ముందురోజు సాయంత్రం మొక్కకి నీళ్ళు బాగా పెట్టండి.

చెట్టు ముందు నిలబడి వెంటనే కోయకండి, ఓ ఐదు నిమిషాలు చుట్టూ తిరిగి చూడండి. మొదట ఎండినవి తీసీయండి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకుంటున్నవి, లోపలికి చెట్టు నడిమికి పెరుగుతున్నవి. ఆ తర్వాతే పొడుగాటి కొమ్మలు. ఒక్కో కొమ్మ మీద బయటి వైపు చూస్తున్న కణుపు వెతకండి, దానికి పైన అర సెంటీమీటరు వదిలి కొంచెం ఏటవాలుగా కోయండి. బయటికి చూస్తున్న కణుపే ఎందుకంటే కొత్త కొమ్మ ఆ కణుపు ఎటు చూస్తే అటే వెళ్తాది, లోపలికి చూస్తున్న కణుపు మీద కోస్తే కొమ్మలన్నీ నడిమిలో పోగుపడి గాలి ఆడదు, తెల్లగా పిండిలా పట్టే పురుగు, పిండినల్లి, అక్కడే కాపురం పెడతాది. కణుపుకి మరీ పైన రెండంగుళాల మొండెం వదిలేస్తే అది ఎలాగూ ఎండిపోతాది, మరీ కిందకి కోస్తే కణుపే పోతాది. కోసిన చోట ఒకసారి చూడండి, నడిమిలో తెల్లగానో లేతాకుపచ్చగానో ఉంటే మంచిది, గోధుమరంగు చుక్క కనబడితే లోపల ఎండు దిగుతోందని అర్థం, తెల్లగా కనబడేదాకా కింద కణుపుకీ ఇంకా కింద కణుపుకీ దిగుతూ కోయండి.

మొత్తం మీద చెట్టులో మూడో వంతుకి మించి ఒకేసారి తీయకండి. మా చెట్టు మోకాలెత్తు నుంచి లేచింది కదాని అందరూ అలా నరికీమని కాదు, అది పాతికేళ్ళ వేరు, కుండీలో రెండేళ్ళ మొక్కకి అంత బలం ఉండదు. అలాగే మీ ఇంట్లో రోజూ పూజకి పూలు కావాలి, ఖాళీ కాకూడదు అంటారా, దానికో దారుంది. కొమ్మల్ని మనసులో మూడు వాటాలు వేసుకుని ఈవేళ ఒక వాటా, మూడు వారాలయ్యాక ఇంకోటి, మళ్ళీ మూడు వారాలకి ఆఖరిది కోయండి. మొదటిది చిగురేసేసరికి మూడోది ఇంకా పూస్తూ ఉంటాది. నేను కుండీల్లోవన్నీ ఇలాగే చేస్తాను.

తీసిన ఆకులు పారీకండి, జిగురు దిగేలా నీళ్ళలో పిసికి తలకి రాసుకోండి, మా అమ్మ కాలం నుంచీ మా ఇంట్లో తలంటు అదే. పిండినల్లి పట్టిన కొమ్మలు మాత్రం కంపోస్టు గుంటలో వెయ్యొద్దు, దూరంగా కాల్చీయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, చాలామంది నన్ను అడిగింది. మా పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని అన్నమాట) ఒకావిడ నర్సరీలో పెద్ద పసుపు మందారం కొనుక్కొచ్చింది, రెండేళ్ళు బ్రహ్మాండంగా పూసింది, మూడో ఏడు పసుపు తగ్గి చిన్న ఎర్ర రేక మందారాలు మొదలయ్యాయి, మట్టి మార్పుకి రంగు మారిపోయిందని ఆవిడ బాధ. రంగు మారలేదు. పెద్ద పూల రంగురంగుల హైబ్రిడ్లకి సొంత వేరు బలంగా ఉండదు కాబట్టి చాలావాటిని గట్టి ఎర్ర మందారం మీద అంటు కడతారు. మొక్క మొదట్లో, మట్టికి నాలుగు నుంచి ఎనిమిదంగుళాల పైన, ఒక ముడిలాగ లావుగా కనబడే చోటే ఆ అంటు. దాని కింద నుంచి వచ్చిన చిగురు ఎర్ర మందారానిది, అది మొండిది, తిండంతా లాక్కుని పైదాన్ని మెల్లగా చంపీస్తాది. మావుసి వాళ్ళది వెళ్ళి చూస్తే నిజంగానే ముడి కింద నుంచి మూడు కొమ్మలు నిటారుగా లేచున్నాయి, పైన పసుపుది ఒక్క కొమ్మ మిగిలింది. ఆ మూడూ మొదలంటా తీసీసాం, పసుపుది తేరుకుంది గానీ ఏడాది పట్టింది. కాబట్టి కత్తెర పట్టిన ప్రతిసారీ ముందు ఆ ముడి వెతకండి, కింద నుంచి ఏ మొలక వచ్చినా చిన్నప్పుడే వేలితో గిల్లీయండి. ముడికి కింద మాత్రం ఎప్పుడూ నరకొద్దు, నరికితే మిగిలేది ఎర్ర మందారమే.

కోసాక ఆకులు తగ్గిపోతాయి కదా, నీళ్ళు కూడా తగ్గించాలి, ఆకులు లేని చెట్టుకి ఎప్పట్లాగే పోస్తే వేరు కుళ్ళుతాది. మట్టి పైన అంగుళం ఆరాకే పోయండి. కొత్త చిగురు కనబడేదాకా ఎరువు ఊసెత్తకండి. చిగురొచ్చాక కుండీకి రెండు గుప్పిళ్ళు వర్మీకంపోస్టు. డీఏపీ ఎరువు వద్దు, అందులో నూటికి 46 పాళ్ళు భాస్వరం, మందారానికి భాస్వరం ఎక్కువైతే పడదు, ఎరువుల పాఠంలో దీని గురించి వివరంగా మాట్లాడుకుందాం. కొత్త కొమ్మ నాలుగైదు ఆకులు వేసాక దాని కొస వేలితో గిల్లితే అది మళ్ళీ రెండు మూడవుతాది, పూత ఇంకో మూడు నాలుగు వారాలు వెనక్కెళ్తాది గానీ చెట్టు గుమ్మటంలాగ తయారవుతాది. ఫిబ్రవరిలో కోసినోళ్ళు ఒకసారి గిల్లండి, దసరా కోసం కోసింది మాత్రం గిల్లొద్దు.

ఆఖరుగా కోసిన కొమ్మల్లోంచి కొత్త మొక్కలు. రథయాత్ర నాటి కత్తిరింపే దీనికి మంచిది, గాలిలో తేమ ఉంటాది. ఆ కొసల నాలుగంగుళాలూ మరీ లేత, పనికిరావు, మొక్కల కోసం రెండు మూడు కొమ్మలు మాత్రం ఇంకాస్త కిందకి తీసుకోండి. మరీ పచ్చిదీ కాకుండా మరీ చెక్క కట్టిందీ కాకుండా, పెన్సిల్ లావు, ఆరంగుళాల ముక్క, మూడు నాలుగు కణుపులుండాలి. కింద కోత కణుపుకి సరిగ్గా కింద పడాలి, వేర్లు ఎక్కువ అక్కడే పుడతాయి. పైన రెండు ఆకులు ఉంచి వాటిని కూడా అడ్డంగా సగానికి కోసీయండి, మిగతా ఆకులు, మొగ్గలు అన్నీ తీసీయండి. మొగ్గ ఉంచితే ఉన్న బలమంతా పువ్వుకే పోతాది. సగం ఇసక సగం కొబ్బరి పొట్టు కలిపి తడిపి, పుల్లతో ముందు కన్నం చేసి అందులో రెండు కణుపులు మునిగేలా గుచ్చండి, చుట్టూ వేలితో నొక్కండి. దాని మీద అడుగు భాగం కోసీసిన వాటర్ బాటిల్ బోర్లించి, మూత తీసీసి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. మా మహేంద్రతనయ ఒడ్డు ఇసకతో నేను పెట్టిన ఎర్ర మందారం ముక్కలు పదికి ఏడెనిమిది బతుకుతాయి. హైబ్రిడ్లు ఇలా సరిగ్గా రావు, వాటికి అంటే కట్టాలి, అది 5వ పాఠం.

నాలుగు నుంచి ఆరు వారాలు పడతాది. రెండో వారంలో చిగురు కనబడినా వేరొచ్చిందని సంబరపడి లాగి చూడకండి, కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చే చిగురు అది, అప్పుడు లాగితే అప్పుడే మొలుస్తున్న వేరు తెగిపోతాది. వచ్చే పాఠానికి మీ పని ఇదే, పది ముక్కలు గుచ్చి, ఏ తారీఖున గుచ్చారో బాటిల్ మీద రాసి పెట్టండి. వచ్చే పాఠం మొగ్గలు రాలిపోవడం, పిండినల్లి, పసుపు ఆకుల గురించి. మీ చెట్టుకి ఆకు పసుపైతే పైనున్న లేత ఆకా, కిందున్న ముదురు ఆకా, ఈనెలు పచ్చగా ఉన్నాయా లేవా అని చూసి పెట్టుకోండి, ముందు అక్కడి నుంచే మొదలెడదాం.