ఎలక్ట్రిక్ పికప్‌కు బయానా కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

2019 నవంబరులో టెస్లా తన ఎలక్ట్రిక్ పికప్ సైబర్‌ట్రక్‌ను చూపించినప్పుడు చెప్పిన ప్రారంభ ధర 39,900 డాలర్లు. తయారీ 2021 చివర్లో మొదలవుతుందన్నారు. కొన్నవాళ్ల చేతికి మొదటి బండ్లు అందింది 2023 నవంబరు 30న, ఆల్-వీల్-డ్రైవ్ మోడల్‌కు ఆ రోజు పెట్టిన ధర 79,990. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ గడువు తప్పలేదు. 2021 మేలో చూపించి 2022 మేలో ఇవ్వడం మొదలుపెట్టారు. ధర మాత్రం ఆగలేదు: 39,974తో మొదలైన ప్రో మోడల్ 2023 మార్చికల్లా 59,974కి ఎక్కి, జులైలో 49,995కి దిగింది. రామ్ 1500 ఆర్‌ఈవీ గడువు ఏటా జరుగుతూ పోయి, 2025 సెప్టెంబరులో పూర్తి బ్యాటరీ మోడలే రద్దయింది. అదే ఏడాది డిసెంబరులో ఫోర్డ్ కూడా పూర్తి బ్యాటరీ లైట్నింగ్‌ను ఆపేసి, దాని తర్వాతి తరాన్ని పెట్రోలు జనరేటర్ తోడుండే బండిగా మారుస్తామని ప్రకటించింది.

కాబట్టి అమెరికాలో ఎలక్ట్రిక్ పికప్ కొనాలనుకునేవాళ్లు ప్రకటించిన ధరనూ, తేదీనీ పక్కన పెట్టి, సొంత లెక్కతో మొదలుపెట్టాలి.

చెప్పిన ధర ఎందుకు నిలవదు

అసలు సంగతి బ్యాటరీ సైజు. మామూలు ఎలక్ట్రిక్ కారుకు 60 నుంచి 80 కిలోవాట్ అవర్ల (కరెంటు బిల్లులో యూనిట్ అనేది ఇదే) బ్యాటరీ ప్యాక్ సరిపోతుంది. పికప్ ముందు భాగం గోడలా ఉంటుంది, గాలిని చీల్చుకుని పోవడానికే బోలెడు కరెంటు తింటుంది. అందుకే లైట్నింగ్ పెద్ద ప్యాక్ 131 కిలోవాట్ అవర్లు, సిల్వరాడో ఈవీ పెద్ద ప్యాక్ 200 పైచిలుకు. 2024లో ప్యాక్‌ల ప్రపంచ సగటు ధర కిలోవాట్ అవర్‌కు 115 డాలర్లని ఇంధన రంగాన్ని పరిశోధించే బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వే తేల్చింది. ఆ లెక్కన 131కి ఒక్క బ్యాటరీయే 15,000 డాలర్లు. 40,000 డాలర్ల బండిలో అంత సొమ్ము బ్యాటరీకే పోతే, మిగతా బండి మీద కంపెనీకి మిగిలేదేమీ ఉండదు.

నష్టం పూడ్చుకోవడానికి కంపెనీలు ఖరీదైన మోడల్‌ను ముందు అమ్ముతాయి. చవక మోడల్ చివర వస్తుంది, లేదా అసలు రాదు. సైబర్‌ట్రక్ రియర్-వీల్-డ్రైవ్ మోడల్ 2025 ఏప్రిల్‌లో 69,990కి వచ్చి, సెప్టెంబరుకే జాబితాలోంచి మాయమైంది. బయటి దేశాల నుంచి చవక బండి దిగుతుందన్న ఆశా పెట్టుకోవద్దు. దిగుమతి చేసే తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం 1964 నుంచీ ఉంది. దాన్ని ఇప్పటికీ 'చికెన్ ట్యాక్స్' అనే పిలుస్తారు. అప్పట్లో కోడిమాంసం గొడవలో యూరప్ మీద కక్షతో వేసిన పన్ను అది.

కంపెనీ వెబ్‌సైట్‌లో మోడళ్ల జాబితా తెరిచి ఒక్కటి చూడండి: డెలివరీ తేదీ ఏ మోడల్ పక్కన ఉంది? ఆ మోడల్ ధరే అసలు ధర. పైన పెద్ద అక్షరాల్లో 'ఇంత నుంచి మొదలు' అని వేసింది ప్రకటన మాత్రమే.

తేదీని ఎలా చదవాలి

స్టేజీ మీద తిరిగే బండి నమూనా. అది చూసి ఏ తేదీనీ నమ్మొద్దు. తర్వాత ప్లాంట్‌లో లైను బిగించడం, ట్రయల్ బండ్లు, ఒక్క ఛార్జితో ఎంత దూరం పోతుందో (రేంజి) చెప్పే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికెట్, డీలర్ దగ్గర కిటికీకి అంటించిన ధరల స్టికర్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈపీఏ రేంజి అంకె బయటికొచ్చిందంటే బండి అమ్మకానికి దగ్గరపడినట్టే. అది రాకుండా 'ఈ ఏడాది చివర్లో' అంటే, కనీసం ఇంకో ఏడాది కలుపుకోండి. 'తయారీ మొదలైంది' అన్న వార్తకూ మీ ఇంటి ముందుకు బండి రావడానికీ మధ్య కూడా నెలలు గడుస్తాయి. లైట్నింగ్‌నే చూడండి: 2023 ఫిబ్రవరిలో ఒక బండి బ్యాటరీకి నిప్పంటుకుని తయారీ వారాల తరబడి ఆగింది.

ప్లాంట్ సంగతి కూడా కనిపెట్టండి. జీఎం మిషిగన్‌లోని ఓరియన్ ప్లాంట్‌ను ఎలక్ట్రిక్ పికప్‌ల కోసం మారుస్తామంది. ఆ గడువును రెండుసార్లు వాయిదా వేసి, చివరికి 2025లో దాన్ని పెట్రోలు బండ్లకు ఇచ్చేసింది.

బయానా

రిజర్వేషన్ అంటే క్యూలో చోటు, అంతే. ధర ఖాయమైందని కాగితం మీద రాసి ఉంటే తప్ప ఖాయం కాలేదు. 2022 మార్చిలో ఎలక్ట్రిక్ పికప్‌లు చేసే రివియన్ అప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకు కూడా ధర పెంచింది. జనం తిరగబడ్డాక రెండు రోజుల్లో వెనక్కి తగ్గింది. అన్నిసార్లూ తగ్గుతారని లేదు.

కట్టేటప్పుడు 'రీఫండబుల్' అన్న మాట షరతుల్లో ఉందో లేదో చూసి, ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. డెబిట్ కార్డు వద్దు, క్రెడిట్ కార్డుతో కట్టండి, పేచీ వస్తే ఆ డబ్బుపై వివాదం వేసే దారి ఉంటుంది. కొత్త కంపెనీకి వందా నూట యాభై డాలర్లు మించి ఇవ్వడం అనవసరం. ఎలక్ట్రిక్ పికప్ కంపెనీ లార్డ్స్‌టౌన్ 2023 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది, 2021లో పికప్ నమూనా చూపించిన కానూ 2025 జనవరిలో మూతపడింది. దివాలా కోర్టులో బయానా కట్టినవాళ్ల వంతు బ్యాంకుల తర్వాతే. 'రిజర్వేషన్' నుంచి 'ఆర్డర్ కన్ఫర్మ్'కి మారమని మెయిల్ వచ్చినప్పుడే అసలు జాగ్రత్త అవసరం, చాలాచోట్ల ఆ బటన్ నొక్కాక డబ్బు వెనక్కి రాదు.

చేతిలోంచి ఎంత పోతుంది

ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో అయిపోయింది. వాడిన బండికి ఇచ్చే 4,000 కూడా దాంతోపాటే పోయింది. పాత వ్యాసాల్లో 'రాయితీ పోను' అని కనిపించే ధరలన్నీ ఇప్పుడు పనికిరావు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. స్టికర్ ధర 55,000, రవాణా ఛార్జీ 2,000, టెక్సాస్ పన్ను 6.25 శాతం చొప్పున సుమారు 3,560. టెక్సాస్‌లో కొత్త ఈవీకి మొదటి రెండేళ్లకు అదనంగా 400, ఆ తర్వాత ఏడాదికి 200. ఇంట్లో ఛార్జరు, వైరింగుకు 1,500 అనుకుంటే మొత్తం 62,000 దాటుతుంది. అందులో 50,000 అప్పు తెచ్చి 7 శాతం వడ్డీతో 72 నెలలు కడితే నెలకు 852 డాలర్లు, మొత్తం వడ్డీ 11,000 పైన. అమెరికాలో బిగించిన కొత్త బండి అప్పు మీద 2028 దాకా ఏడాదికి 10,000 వరకు వడ్డీని పన్ను పడే ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు, ఆదాయ పరిమితి ఉంది. బండి ఎక్కడ బిగించారో విన్ నంబరుతో (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) తేల్చుకోవాలి.

ఇంధనంలో మిగిలేది ఎంత? ఏడాదికి 12,000 మైళ్లు, గాలన్‌కు 20 మైళ్లిచ్చే పెట్రోలు పికప్, గాలన్ 3.20 అనుకుంటే 1,920 డాలర్లు. ఎలక్ట్రిక్ పికప్ మైలుకు అర కిలోవాట్ అవర్ తీసుకుంటుంది, అంటే ఏడాదికి 6,000. ఇంట్లో యూనిట్ 17 సెంట్లయితే 1,020. మిగులు 900. అదే ఛార్జింగ్ అంతా రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర, యూనిట్ 50 సెంట్ల చొప్పున చేస్తే 3,000 అవుతుంది. మిగలకపోగా పెట్రోలు కన్నా వెయ్యి ఎదురు పడుతుంది. ఇంట్లో ఛార్జింగుకు చోటు లేకపోతే ఈ బండి కొనొద్దని తేల్చి చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

బరువూ, లాగుడూ

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. లైట్నింగ్‌కు గరిష్ఠ మోత 2,235 పౌండ్లనీ, గరిష్ఠ లాగుడు 10,000 పౌండ్లనీ ప్రకటించారు. మొదటిది చిన్న బ్యాటరీ బండిది, రెండోది పెద్ద బ్యాటరీ, టోయింగ్ ప్యాకేజీ ఉన్న బండిది. రెండూ ఒకే బండిలో దొరకవు. బ్యాటరీ పెరిగినకొద్దీ బండి సొంత బరువు పెరిగి మోత తగ్గుతుంది.

మీరు కొనబోయే బండి డ్రైవరు తలుపు తీసి, ఫ్రేముకు అంటించిన పసుపు-తెలుపు స్టికర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఇంత మించకూడదని అందులో ఉంటుంది. 1,800 పౌండ్లు ఉందనుకోండి. నలుగురు మనుషులు 700. వెనక 7,000 పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తే, దాని ముక్కు బరువు 12 శాతం చొప్పున 840 బండి మీద పడుతుంది. ట్రెయిలర్‌ను తగిలించే హిచ్ సామాను 50. ఇక మిగిలింది 210 పౌండ్లే, సిమెంటు బస్తాలు రెండు వేస్తే సరి.

రేంజి సంగతి: ఎత్తయిన ట్రెయిలర్ లాగితే కరెంటు ఖర్చు రెట్టింపు అవుతుందని పెట్టుకోండి, అంటే మైలుకు ఒక కిలోవాట్ అవర్. దారిలో ఛార్జింగ్ 80 శాతం దాకానే చేస్తారు, 10కి వచ్చేసరికి ఆగుతారు. లైట్నింగ్ పెద్ద ప్యాక్ 131 కిలోవాట్ అవర్లలో 70 శాతం అంటే 92 మైళ్లు. ప్రతి 92 మైళ్లకు ఒకసారి ఆగి, ముప్పావు గంట ఛార్జింగ్. పైగా చాలా స్టేషన్లలో కారు పట్టే చోటే ఉంటుంది కాబట్టి ట్రెయిలర్ విప్పి, మళ్లీ తగిలించుకోవాలి. చలికాలంలో ఇంకా తగ్గుతుంది. నెలకోసారైనా దూరం లాగే పని ఉంటే ఇప్పటికి పెట్రోలో, హైబ్రిడ్డో మేలు. రోజూ 60, 70 మైళ్లలో తిరిగొచ్చే పనికి ఎలక్ట్రిక్ పికప్‌ను మించింది లేదు.

ఇంట్లో ఛార్జరు

పెద్ద బ్యాటరీకి పెద్ద ఛార్జరు కావాలనేది అపోహ. రోజుకు 40 మైళ్లు తిరిగితే ఖర్చయ్యేది 20 కిలోవాట్ అవర్లు. 240 వోల్టుల మీద 16 ఆంపియర్లు, అంటే 20 ఆంపియర్ల బ్రేకర్, ఐదారు గంటల్లో దాన్ని నింపేస్తుంది. దీనికోసం ఇంటి కరెంటు ప్యానెల్ మార్చి వేలు పోయక్కర్లేదు. 48 ఆంపియర్ల ఛార్జరే కావాలంటే 60 ఆంపియర్ల బ్రేకర్ వేయాలి, గంటల తరబడి నడిచే లోడుకు 25 శాతం అదనం ఉండాలన్నది నియమం. ఇక్కడ తరచూ జరిగే తప్పు వైరుది. ఇళ్లలో వాడే రోమెక్స్ కేబుల్ 6 గేజ్ రాగిది 55 ఆంపియర్లకే సరిపోతుంది. 60 బ్రేకర్‌కు అది వేస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు, ఒప్పుకున్నా వేడెక్కుతుంది. రోమెక్స్ అయితే 4 గేజ్ (అంకె తగ్గితే వైరు లావు), పైపులో విడి వైర్లు లాగితే 6 గేజ్ చాలు.

చవక బండి కోసం ఆగాలంటే

స్లేట్ పికప్‌ను 2025 ఏప్రిల్‌లో చూపించారు. 50 డాలర్ల బయానా, రంగు వేయని బాడీ, చేత్తో తిప్పే అద్దాలు, రేడియో లేదు, 52.7 కిలోవాట్ అవర్ల ప్యాక్, 150 మైళ్ల లక్ష్యం. రాయితీతో కలిపి 20,000 లోపన్నది, రాయితీ పోయాక పాతిక వేల దరిదాపులకు మారింది. లాగుడు 1,000 పౌండ్లే. ఫోర్డ్ 2027లో 30,000 డాలర్ల మధ్యస్థాయి పికప్‌ను లూయివిల్ ప్లాంట్ నుంచి తెస్తామంటోంది, ఎల్‌ఎఫ్‌పీ అనే చవక రకం బ్యాటరీతో. ఈ రెండింటి దారి సరైనదే, బ్యాటరీ చిన్నది చేస్తే తప్ప ధర దిగదు. మీ పాత బండి ఇంకో మూడేళ్లు లాగుతుందనుకుంటే ఆగండి. గేరుబాక్సు మూలుగుతుంటే ఆగొద్దు, వాడిన బండి చూడండి.

వాడిన బండిలో బ్యాటరీని ఇలా పరీక్షించాలి. 90 శాతం ఛార్జి ఉండగా ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఆపకుండా 30 శాతం దాకా నడపండి. 144 మైళ్లు వచ్చి, డ్యాష్‌బోర్డు కిలోవాట్ అవర్‌కు 2 మైళ్లు చూపిస్తే ఖర్చయింది 72. అది 60 శాతానికి లెక్క కాబట్టి మొత్తం ప్యాక్ 120. కొత్తలో 131 ఉన్నదానికి ఇది 92 శాతం, బాగున్నట్టే. 80 లోపు వస్తే బేరం వదిలేయండి. డీలరు అంత దూరం నడపనివ్వకపోతే సగం దూరమైనా చాలు, కాకపోతే లెక్కలో తేడా కాస్త ఎక్కువ ఉంటుంది. విన్ నంబరును అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టి, రీకాల్ పనులు (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి చేసే రిపేర్లు) మిగిలి ఉన్నాయేమో చూశాకే సంతకం పెట్టండి.