మెక్సికోలోని లెయోన్‌కి వెళ్లి మంచి తోలు సరుకు కొనుక్కోవడం ఎలా?

గ్వానహ్వాతో రాష్ట్రంలో టూరిస్టులంతా రాజధాని గ్వానహ్వాతో నగరానికే పోతారు. రంగురంగుల ఇళ్లు, సందుగొందులు అన్నీ అక్కడున్నాయి. అక్కడికి బస్సులో గంట దూరంలో ఉన్న లెయోన్ అలాంటి ఊరు కాదు. 1576లో వెలిసిన ఈ ఊళ్లో ఇప్పుడు 17 లక్షల మంది ఉంటున్నారు. తోళ్లు ఊనడం (పచ్చి తోలును పదును చేయడం), బూట్లు కుట్టడం ఇక్కడ తరాల నాటి వృత్తి. మెక్సికోలో బూట్ల రాజధాని ఇదే. అయితే జీవితాంతం మన్నే బూటూ, ఆరు నెలల్లో పొట్టు రాలే బూటూ ఇక్కడ పక్కపక్క కొట్లలోనే అమ్ముతారు. రెండింటికీ మెరుపు ఒకటే. అందుకే ఈ ప్రయాణంలో అసలు పని తోలును గుర్తుపట్టడం. మిగతా ఏర్పాట్లన్నీ సులువే.

1. కాగితాలు, నెల చూసుకోండి

భారత పాస్‌పోర్టుకు మెక్సికో వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంగెన్ వీసా ఉన్నా, ఆ దేశాల శాశ్వత నివాస కార్డు ఉన్నా వేరే వీసా అక్కర్లేదు. అమెరికాలో ఉండే మనవాళ్లు పొరపడేది ఇక్కడే. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయి, చేతిలో ఐ-797 (అమెరికా ఇచ్చే ఆమోద పత్రం) మాత్రమే ఉంటే మెక్సికో దాన్ని వీసాగా లెక్కలోకి తీసుకోదు. టికెట్ కొనే ముందే స్టాంపు తేదీ చూసుకోండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు హాయిగా ఉంటుంది, కానీ ఊరు సముద్రమట్టానికి 1,800 మీటర్ల ఎత్తున ఉండటంతో రాత్రికి స్వెట్టర్ వేసుకోవాల్సిందే. ఊరి పుట్టినరోజు జనవరి 20. ఆ నెలలో జరిగే పెద్ద జాతర ఫెరియా దె లెయోన్, నవంబరులో జరిగే బెలూన్ల పండగ చూడదగ్గవే కానీ అప్పుడు హోటల్ గదుల ధరలు మండిపోతాయి. ఏడాదికి రెండుసార్లు జరిగే సాపికా బూట్ల ప్రదర్శన వ్యాపారులకే పరిమితం. చూడటానికని వెళితే లోపలికి రానివ్వరు.

2. ఊరు చేరడం

విమానాశ్రయం లెయోన్‌లో కాదు, దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో సిలావోలో ఉంది. టికెట్ వెతికేటప్పుడు దాని కోడ్ బీజేఎక్స్ (BJX) అని కొట్టండి. డాలస్, హ్యూస్టన్‌ల నుంచి నేరుగా విమానాలున్నాయి. దిగాక లోపలి కౌంటర్లోనే టాక్సీకి డబ్బు కట్టి చీటీ తీసుకోండి. మెక్సికో సిటీ నుంచైతే తెర్మినాల్ దెల్ నోర్తె బస్టాండులో ఎక్కితే బస్సు దాదాపు 5 గంటలు, గ్వాదలహారా నుంచి 3 గంటలు. ఈతీఎన్, ప్రిమేరా ప్లుస్ బస్సులు సౌకర్యంగా ఉంటాయి.

ఊళ్లో తిరగడానికి ఓప్తిబూస్ అనే పొడవాటి బస్సులున్నాయి, జనం వాటిని ‘ఒరూగా’ అంటారు. చేతినిండా సంచులుంటే ఉబర్ లేదా దీదీ అనే టాక్సీ యాప్ మేలు.

3. బయల్దేరే ముందే పాదం కొలవండి

మెక్సికోలో బూటు నంబరు అంటే సెంటీమీటర్లే. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి పొడవైన వేలి దాకా కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. మగవారి బూట్లకు మన ఇండియా నంబరు 7 అంటే ఇక్కడ సుమారు 26, 8 అంటే 27, 9 అంటే 28. అర నంబర్లూ దొరుకుతాయి. బెల్టు కోసం మీ పాత బెల్టు తీసి, బకిల్ దగ్గర్నుంచి మీరు వాడే రంధ్రం దాకా ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి. ప్యాంటు నడుము కొలత చెబితే చిన్న బెల్టు చేతికొస్తుంది.

4. మొదటి విడత: చూడండి, కొనొద్దు

బస్టాండు పక్కనే ఉన్న సోనా పియెల్ పేటలోనే తోలు కొట్లు ఎక్కువగా ఉన్నాయి. ప్లాసా దెల్ సపాతో, ప్లాసా పియెల్ అనే దుకాణ సముదాయాలు కూడా అక్కడికి దగ్గరే. ఉదయం 10 దాటితే గానీ సందడి మొదలవ్వదు. తొలి రెండు మూడు గంటలు డబ్బు జేబులోనే ఉంచుకుని, ఒకే రకం వస్తువును నాలుగైదు కొట్లలో పట్టుకుని చూడండి. ఖరీదైన కొట్లో అసలు తోలును ముందు వేళ్లతో తడిమి వస్తే, చవక కొట్లో తేడా దానంతటదే తెలుస్తుంది.

5. తోలు పరీక్ష

ముందు లేబుల్ చదవండి. మెక్సికో ప్రమాణం నోమ్-020 ప్రకారం బూటు పైభాగం, లైనింగ్, అడుగు దేనితో చేశారో విడివిడిగా రాయాలి. పైభాగాన్ని ‘కోర్తె’ అని, లైనింగును ‘ఫోర్రో’ అని, అడుగును ‘సుయేలా’ అని రాస్తారు. పక్కన ‘పియెల్’ ఉంటే తోలు, ‘సింతేతికో’ ఉంటే కృత్రిమం. చాలామంది కోర్తె దగ్గర పియెల్ అని చూసి ఆగిపోతారు. ఫోర్రో దగ్గర సింతేతికో ఉంటే చెమట బయటికి పోదు, మన ఎండల్లో ఆ బూటు వాసన పట్టేస్తుంది. రెండు చోట్లా పియెల్ ఉన్నదే అడగండి.

లేబుల్‌లో పియెల్ అని ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. దళసరి తోలును అడ్డంగా రెండు పొరలుగా చీలుస్తారు. పై పొర ‘ఫ్లోర్’, గట్టిది. కింది పొర ‘కర్నాసా’, పీచుపీచుగా ఉంటుంది. కర్నాసాతో చేసిన గమూసా (నూగులాంటి స్వేడ్ తోలు) బూట్లలో మోసమేమీ లేదు. దాని మీద ప్లాస్టిక్ పూత పూసి నునుపు తోలులా అమ్మినప్పుడే చిక్కు. మడత పడే చోట పూత పగిలి పెచ్చులూడుతుంది. ఇలా పరీక్షించండి:

- బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి పై పొర అయితే వేలి చుట్టూ సన్నని ముడతలు విచ్చుకుని, వేలు తీయగానే పోతాయి. మందంగా పూత వేసిందైతే అట్టలా సొట్టపడుతుంది.
- కుట్టని అంచు వెతికి పక్క నుంచి చూడండి. పీచు మీద పల్చటి రంగు పొర అతికించినట్టు కనిపిస్తే పక్కన పెట్టేయండి.
- బెల్టు అయితే రంధ్రం లోపలికి చూడండి. లోపలంతా ఒకే తోలు కనిపించాలి. రెండు పల్చటి తోళ్ల మధ్య బూడిద రంగు అట్ట కనిపిస్తే అది త్వరలోనే వంకర తిరిగి విడిపోతుంది.

వాసనను నమ్మొద్దు, కర్నాసాకూ తోలు వాసనే ఉంటుంది. నీటి చుక్క పరీక్ష కూడా సగమే పనికొస్తుంది. చెట్ల బెరడు రసంతో ఊనిన వకేతా తోలు నీటిని పీల్చి నల్లబడుతుంది, మెరుగు పెట్టిన మంచి తోలు పీల్చదు. అగ్గిపుల్ల పరీక్ష మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, కాలిన వస్తువు మీరే కొనాల్సి వస్తుంది.

జాకెట్‌ను కొట్టు బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. చేతుల తోలు, వీపు తోలు ఒకే రంగులో లేకపోతే ట్యూబులైటు కింద అది తెలియదు. ‘పితేయాదో’ బెల్టుల మీద ఒక మొక్క ఆకు నుంచి తీసిన నారతో చేత్తో కుడతారు. ఆ పనికి అసలు పేరున్న ఊరు హలిస్కో రాష్ట్రంలోని కొలోత్లాన్. లెయోన్‌లో చవగ్గా కనిపించేవి చాలావరకు నైలాన్ దారంతో యంత్రం కుట్టినవే.

మొసలి, కొండచిలువ తోళ్ల జోలికి పోకండి. అంతర్జాతీయ అనుమతి పత్రాలు లేకుండా విమానాశ్రయం దాటించలేరు. ఆవు తోలు, గొర్రె తోలు చాలు.

6. కౌబాయ్ బూటు తొడిగి చూడటం

జిప్పు, లేసు లేని బూటు కాబట్టి పట్టంతా పాదం పైవంపు దగ్గరే ఉంటుంది. మామూలుగా వాడే సాక్సుతో రెండు కాళ్లకూ తొడిగి, గట్టి నేల మీద ఐదు నిమిషాలు నడవండి. పైవంపు దగ్గర బిగుతుగా ఉండాలి, నొప్పి ఉండకూడదు. మడమ ఓ సెంటీమీటరు లేచినా ఫర్వాలేదు, అడుగు తోలు వంగడం అలవాటయ్యాక అది తగ్గుతుంది. వేళ్లు మాత్రం ముందు తగలకూడదు, ఎందుకంటే తోలు వెడల్పులో సాగుతుంది గానీ పొడవులో సాగదు. బిగుతుగా ఉందని ఒక నంబరు పెంచితే మూడు నెలలకు కాలు లోపల ఈదుతుంది. పాదం వెడల్పుగా ఉంటే నంబరు పెంచకుండా ‘ఓర్మా అంచా’ (వెడల్పు అచ్చు) అని అడగండి.

7. ధర

‘మెనుదేయో’ అంటే చిల్లర ధర, ‘మయోరేయో’ అంటే టోకు ధర. టోకు ధర ఎన్నింటికో కొట్లోనే రాసి ఉంటుంది. ఇంట్లోవాళ్లందరికీ కలిపి ఒకే కొట్లో కొంటే ఆ ధర అందుతుంది. ‘క్వాంతో ఎస్ లో మేనోస్?’ (ఆఖరి ధర ఎంత?) అని మర్యాదగా ఒక్కసారి అడగండి. నగదు ఇస్తే కొంత తగ్గిస్తారు. మన బజార్లలోలా సగానికి అడిగితే మొహం తిప్పుకుంటారు. ఒకసారి కొన్నాక డబ్బు వెనక్కివ్వడం అరుదు, మార్చి ఇవ్వాలన్నా చీటీ కావాలి.

8. కాళ్లు నొప్పెట్టాక

సిటీ సెంటర్‌కి వెళ్లండి. పైన సింహం నిలబడ్డ తోరణం ఆర్కో దె లా కల్సాదా, 1921లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు కట్టిన తెంప్లో ఎక్స్‌పియతోరియో చర్చి చూడాలి. చర్చి కింద సమాధుల సొరంగాలున్నాయి. తోళ్లు ఊనేవారి పాతపేట బర్రియో అర్రిబా.

ఊరి ప్రసిద్ధ తిండి గ్వకమాయా, అంటే రొట్టెలో కరకరలాడే పంది చర్మం, కారం సల్సా. పంది తిననివారు కొనే ముందే జాగ్రత్తపడాలి. శాకాహారులకు కాల్దో దె ఓసో ఉంది. పండ్ల ముక్కలు, కీర, వెనిగర్, కారం, పైన చీజ్. తాగడానికి సెబదీనా. బార్లీ పానీయంలో తినేసోడా వేయగానే బుస్సున పొంగుతుంది, నురుగు దిగకముందే తాగేయాలి.

9. ఇంటికి తేవడం

అట్టపెట్టెలు హోటల్లోనే వదిలేసి, బూట్ల లోపల సాక్సులు కుక్కితే ఆకారం చెడదు, పెట్టెలో చోటూ కలిసొస్తుంది. బెల్టును మడవకుండా చుట్టండి. జాకెట్ తొడుక్కునే విమానం ఎక్కేయండి. ఇంటికొచ్చాక ప్లాస్టిక్ కవర్లో దాచొద్దు. విశాఖ, విజయవాడ లాంటి చోట్ల వానాకాలపు తేమకు వారం రోజుల్లో తెల్లటి బూజు పడుతుంది. గాలాడే గుడ్డసంచిలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. బూజు పట్టిందా, పొడిగుడ్డతో బయట తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే తోలు బిర్రబిగుసుకుని పగులుతుంది.