టెర్మినల్ యూఐకి లైబ్రరీ ఎంచుకునే ముందు
బెంగళూరులో టెర్మినల్ టూల్స్ (కమాండ్లు టైప్ చేసే విండోలోనే నడిచే ప్రోగ్రామ్‌లు) రాస్తున్న మనవాళ్లకి: ముందు ఆ టూల్ ఎక్కడ నడవాలో తేల్చుకోండి. సర్వర్‌లో అయితే గో భాషలో బబుల్ టీ, లిప్ గ్లాస్ లైబ్రరీల జోడీ మేలు, ఒక్క బైనరీ (నేరుగా నడిచే ఫైల్) కాపీ చేస్తే సరిపోతుంది. పైథాన్ టీమ్‌కి టెక్స్చువల్. రస్ట్‌లో రాటాటుయి బాగుంటుంది, కాకపోతే ఈవెంట్ లూప్ (కీ నొక్కడం లాంటివి గమనిస్తూ తిరిగే కోడ్) మీరే రాసుకోవాలి.

ఏది తీసుకున్నా, తెలుగు పేర్లతో ఒక టేబుల్ గీయించి చూడండి. గుణింతాలు, ఒత్తుల వెడల్పును లైబ్రరీ ఒకలా, టెర్మినల్ ఇంకోలా లెక్కేస్తే గీతలు పక్కకి జరుగుతాయి. తెలుగు కాలమ్‌ని చివర్లో, కుడి గీత లేకుండా పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న సర్వర్‌కి కనెక్ట్ అయినప్పుడు) రంగులు వెలిసినట్టుంటే సర్వర్‌లో కలర్‌టర్మ్ (COLORTERM) వేరియబుల్ ఖాళీగా ఉందేమో చూడండి. మీ టెర్మినల్‌కి 24 బిట్ రంగులు వస్తేనే ఆ వేరియబుల్‌కి ట్రూకలర్ (truecolor) అని ఇవ్వండి.