పాత కథల్లో మనం ఎక్కడున్నామో పట్టుకోవడం ఎలా

పాత కథలు చదవండి అంటే చాలామంది అనేది ఒకటే, అవన్నీ ఎప్పటివో కదండీ, లాంతర్లూ జట్కాబళ్ళూ భోగం మేళాలూ, మనకీ వాటికీ సంబంధమేటి అని. ఇంకొంతమంది దీనికి పూర్తిగా రివర్స్, ఏ కథ చదివినా అయ్యబాబోయ్ ఇది అచ్చం నా కథే అంటారు. విచిత్రం ఏంటంటే వాళ్ళకి ఎప్పుడూ కథలో అన్యాయం జరిగినవాళ్ళే తమలా కనిపిస్తారు, అన్యాయం చేసినవాడు మాత్రం ఎప్పుడూ పక్కింటాయనే. నేను చెప్పే పద్ధతి కాస్త చేదుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. కథలో మీకు ఎవరి మీద ఒళ్ళు మండుతుందో చూసుకుని, ముందు వాళ్ళ పక్కకి వెళ్ళి నిలబడండి.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి గులాబీ అత్తరు తీసుకోండి. ఒకాయన ప్రాణం పెట్టి అత్తరు తయారుచేసి, రసికుడైన పెద్దాపురం ప్రభువుకి చూపిద్దామని ఎక్కడినుంచో వస్తే, మధ్యలో ఉన్నవాళ్ళు లోపలికి పోనివ్వరు. మనం చదివేటప్పుడు మనమే ఆ అత్తరాయన, పది కంపెనీలకి రెజ్యూమె పంపితే ఒక్కడు పలకలేదు, హెచ్‌ఆర్ దగ్గరే ఆగిపోయింది, ఇలా వెంటనే కలిపేసుకుంటాం. అది తప్పని అనను. కానీ రెండోసారి చదివేటప్పుడు ఆ గుమ్మం దగ్గరున్నవాళ్ళని చూడండి. మన విశాఖ ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్‌కైనా వెళ్ళండి, డెలివరీ కుర్రాడు లిఫ్ట్ ఎక్కకూడదని కాగితం అంటించి ఉంటుంది, మెట్లెక్కి ఐదో అంతస్తుకి రావాలి, అందులో అతను తెచ్చేది మన బిర్యానీయే. ఆ రూల్ పెట్టినప్పుడు మీటింగులో చేతులెత్తింది ఎవరు, వాచ్‌మెన్ కాదుగా. అప్పుడు ఆ కథ ఇంకోలా కనబడుతుంది.

అలాగే దిద్దుబాటు. 1910లో వచ్చింది, గురజాడ వారిది, స్కూల్లో పాఠంలా చదివేసి వదిలేసినవాళ్ళే ఎక్కువ. గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తే భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. అందరూ మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి అని చదువుతారు, కరెక్టే. కానీ ఆ కంగారూ కోపమూ ముందు పడేది నౌకరు రాముడి మీద. పైన మేనేజర్ తిట్టింది ఇంటికొచ్చి ఎవరి మీద దించుతున్నారో, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి మీదా లేక ఇంట్లో పిల్లాడి మీదా, ఒకసారి ఆలోచించుకోండి. రాముడు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

దీనికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. మొదటిసారి కథ కోసం మామూలుగా చదివేయండి, ఆపొద్దు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఎక్కడ చిరాకొచ్చిందో అక్కడ చిన్న గీత పెట్టండి. నచ్చిన వాక్యాల కింద గీతలు అందరూ పెడతారు, అవి స్టేటస్ పెట్టుకోడానికి పనికొస్తాయి అంతే. ఇక కథలో వస్తువులు మార్చి చూడండి. ఉత్తరం బదులు వాట్సాప్ మెసేజ్, భోగం మేళం బదులు బీచ్ రోడ్డులో పార్టీ, జట్కా బదులు ర్యాపిడో. మార్చాక కూడా కథ నిలబడితే అందులో మీరున్నట్టే, కూలిపోతే మాత్రం అది ఆ కాలానికే చెందిందన్నమాట, దాన్ని అలాగే వదిలేయండి, బలవంతంగా లాగొద్దు.

మన విశాఖపట్నం వాళ్ళకి ఇంకో సదుపాయం ఉంది, యాస. రావిశాస్త్రి గారు, అదే రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు, ఇక్కడే లాయరుగా చేశారు, ఆరు సారా కథల్లో మాయ అని ఒకటుంది, సారా కేసులో వచ్చిన ముత్యాలమ్మ కుర్ర లాయరుకి లోకం ఎలా నడుస్తోందో చెబుతుంది. కళ్ళతో చదివితే ఆ మాటలు కాస్త అడ్డం పడతాయి, చాలామంది అక్కడే మూసేస్తారు. గట్టిగా చదవండి, తలుపేసుకునైనా సరే. పూర్ణా మార్కెట్‌లో బేరం ఆడుతున్న గొంతు, మన అప్పలమ్మ గొంతు, చిన్నప్పుడు మా మామ్మ ఎవరినో తిడుతున్న గొంతు వినబడతాయి. అప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి, ఇంత తెలివిగా మాట్లాడే మనిషిని ఏ ఆఫీసు కౌంటర్ దగ్గరో చూస్తే మనం ఎలా చూస్తాం, చదువులేనిది అని పక్కకి జరిగిపోమూ?

పాలగుమ్మి పద్మరాజు గారి గాలివానకైతే మనూరి వాళ్ళు ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను చూశాం కదా, 2014 అక్టోబర్ 12. కథలో రావుగారు పద్ధతులూ విలువలూ అన్నీ లెక్కగా పెట్టుకున్న పెద్దమనిషి, ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో బయలుదేరతాడు, ఆ పెట్టెలోకి ఒక ముష్టి మనిషి ఎక్కుతుంది, ఆయనకి ఆమె అంటే అసహ్యం. తర్వాత తుఫానులో చిన్న స్టేషన్లో ఇద్దరూ చిక్కుకుంటారు. ఈ కథ 1952లో ఒక అంతర్జాతీయ పోటీలో బహుమతి కూడా తెచ్చుకుంది, సరే అది పక్కన పెట్టండి. చదివాక కళ్ళు మూసుకుని హుద్‌హుద్ తర్వాత రోజులు గుర్తు చేసుకోండి. కరెంటు లేదు, మోటారు తిరగదు, ఫోన్లు పలకవు, కిటికీ అద్దాలు హాల్లో గుట్టగా పడున్నాయి, చెట్లన్నీ రోడ్డుకడ్డంగా. ఆ రోజుల్లో మీకు బిందె నీళ్ళు పట్టించినవాళ్ళెవరు, కొవ్వొత్తి ఇచ్చిందెవరు, అంతకుముందు వాళ్ళతో ఎన్నిసార్లు మాట్లాడారు, ఆ తర్వాత ఎన్నాళ్ళు మాట్లాడారు? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామందికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది, అక్కడే రావుగారు అర్థమవడం మొదలవుతుంది. ఇది మాత్రం కాగితం మీద రాసుకోండి, నాలుగు లైన్లు చాలు.

అన్ని కథల్లోనూ చెడ్డవాడు దొరకడు లెండి. చాసో (చాగంటి సోమయాజులు) గారి వాయులీనంలో భర్త భార్య జబ్బు ఖర్చుకి ఆమె ఫిడేలే అమ్మేస్తాడు, ఆయన్ని తిట్టలేం, అలాగని వదిలేయలేం. ఆస్పత్రి బిల్లు కట్టడానికి ఏ ఇంట్లో ఏది అమ్మారో, అమ్మేముందు ఆ వస్తువు ఎవరిదో వాళ్ళని అడిగారో లేదో, ఆ ఒక్కటి గుర్తు చేసుకుంటే చాలు.

ఇప్పుడు ఒక బ్రేకు కూడా వేయాలి. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, రాసిన యజ్ఞం చదివి, హోమ్ లోన్ ఈఎంఐ కడుతున్న మనం కూడా అప్పుల్లోనే ఉన్నాం కదా, సేమ్ టు సేమ్ అనేవాళ్ళని చూశాను. వద్దండీ బాబూ. అక్కడ అప్పు తీరకపోతే మనుషులు తరతరాలూ పాలేర్లయిపోవాలి, ఆ భయంతో ఒక తండ్రి సొంత కొడుకుని నరికేస్తాడు. మన ఫ్లాట్ బ్యాంకు తీసుకుంటుంది, పిల్లాణ్ణి తీసుకోదు. ఇలాంటి కథలో మన మొహం వెతుక్కోకుండా, మనం తినే బియ్యం ఎవరి చేతులమీదుగా వస్తోందో చూసుకోవడం నయం.

కథలు దొరకడం పెద్ద పనేం కాదు. కారా మాస్టారు ఇక్కడ సెయింట్ ఆంథోనీ స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరయ్యి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, తెలుగు కథల కోసమే ఒక లైబ్రరీ. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు, అంత ఓపిక లేకపోతే వాళ్ళు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టినవీ బోలెడున్నాయి.

ఇంట్లోవాళ్ళకి కథ ఇచ్చేటప్పుడు మాత్రం ఇది అచ్చం నువ్వే అని చెప్పకండి, చెప్తే చదవరు, చదివినా దెబ్బలాడటానికే చదువుతారు. ఊరికే టేబుల్ మీద పడేయండి. పి. సత్యవతి గారి ఇల్లలకగానే, ఇంటి పనుల్లో పడి సొంత పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ, మా పిన్నికి అలాగే ఇచ్చాను. చదివి, పేరు మర్చిపోవడమేటి విడ్డూరం కాకపోతే, ఆధార్ కార్డు చూసుకోవచ్చుగా అంది. నేనేం వాదించలేదు, వాయులీనం ఇచ్చాను, ఇంకా చదువుతోంది.